స్విచ్చు మనదైతే చాలదు.. సర్వరూ మనదే కావాలి!

కంబదూరు వైపు ‘హోమ్ ఆటోమేషన్’ అనే మాట కొత్త కావచ్చేమో గానీ, పని మాత్రం పాతదే. స్టార్టర్ డబ్బాకు ఆటో స్టార్టర్ బిగించి, కరెంటు రాగానే బోరు మోటారు దానంతటదే తిరిగేలా చేసుకున్న ప్రతి రైతూ ఆటోమేషన్ చేసినవాడే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడు పట్టుకోవాలి, కరెంటు ఎప్పుడుంటే అప్పుడు తోడుకోవాలి. అందుకే ఇక్కడి ఇంటికి ‘స్మార్ట్’ అంటే రంగులు మార్చే బల్బు కాదు. ట్యాంకు నిండిందా? మూడు ఫేజులూ ఉన్నాయా? ఇన్వర్టర్ బ్యాటరీ ఇంకెంతసేపు నిలబడుతుంది? ఈ మూడింటికీ మంచం మీద నుంచి లేవకుండా జవాబు దొరికితే అదే స్మార్ట్ ఇల్లు.

ఈ పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది. పైగా దాని లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చొచ్చు. ఇంజినీరింగో, డిప్లొమానో పూర్తి చేసి బెంగళూరు బస్సు ఎక్కాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు ఇందులో నేర్చుకోవడానికీ, చేసి చూపించడానికీ బోలెడుంది. డబ్బు సంగతి కూడా చెబుతాను. ముందు అసలు ఇదంతా ఎందుకో చూద్దాం.

కంపెనీ మూతపడితే బల్బు వెలగదు

ఆన్‌లైన్‌లో కొన్న మామూలు స్మార్ట్ ప్లగ్ ఎలా పనిచేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మీరు ఫోన్‌లో బటన్ నొక్కితే ఆ ఆజ్ఞ ఇంటర్నెట్ ఎక్కి, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి తిరిగొచ్చి, మీకు ఆరడుగుల దూరంలో ఉన్న ప్లగ్‌ను తడుతుంది. నెట్ ఉన్నంతసేపూ తేడా తెలియదు. గాలివానకు కేబుల్ తెగిందనుకోండి, ప్లగ్ అక్కడే, ఫోన్ ఇక్కడే, పని మాత్రం కాదు.

అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. అమెరికాలో రివాల్వ్ అనే హబ్ ఉండేది. ధర 300 డాలర్ల దాకా. 2014లో దాన్ని నెస్ట్ కొనేసింది. 2016 మే నెలలో సర్వర్లు ఆపేసింది. గోడకు తగిలించిన పెట్టె బాగానే ఉంది, కానీ ఎందుకూ పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో పాత కంపెనీ సర్వర్లు ముందు మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. ఆ రోజుల్లో చాలామందిని ఆదుకున్నది హోమ్ అసిస్టెంట్. ఇన్‌స్టియాన్ పరికరాలతో అది ఇంట్లోనే నేరుగా మాట్లాడగలదు కాబట్టి బల్బులు మళ్లీ వెలిగాయి. కొన్ని వారాల తర్వాత కొందరు వినియోగదారులే కలిసి ఆ కంపెనీని కొనుక్కుని సర్వర్లు లేపారు, అది వేరే కథ.

మన దగ్గర మోటారు, ట్యాంకు, నీళ్లు ఇలాంటి పెట్టె మీద ఆధారపడితే పరిస్థితి ఏమిటో ఊహించుకోండి.

సాయంత్రం లైటు కోసం మొదలై..

హోమ్ అసిస్టెంట్‌ను పాలస్ స్కౌట్సెన్ అనే డచ్ యువకుడు 2013లో మొదలుపెట్టాడు. పొద్దు గుంకగానే ఇంట్లో లైట్లు వాటంతటవే వెలగాలన్నది అతని కోరిక. దానికోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసి, గిట్‌హబ్‌లో పెట్టాడు. ఇప్పుడది రెండు వేలకు పైగా రకాల పరికరాలూ సేవలతో మాట్లాడుతుంది. ప్రతి నెలా మొదటి బుధవారం కొత్త వెర్షన్ వస్తుంది. 2024లో గిట్‌హబ్ విడుదల చేసిన వార్షిక లెక్కల్లో ఎక్కువమంది చేయి వేసిన ప్రాజెక్టుల జాబితాలో ఇది మొదటి స్థానంలో ఉంది. ఏ పెద్ద కంపెనీ కూడా రేపు కొనేసి మూట కట్టుకోకుండా, 2024 ఏప్రిల్‌లో ‘ఓపెన్ హోమ్ ఫౌండేషన్’ అనే లాభాపేక్ష లేని సంస్థను స్విట్జర్లాండ్‌లో పెట్టి, ప్రాజెక్టును దానికి అప్పగించారు.

ఇదొక్కటే ఉందని కాదు. జర్మనీకి చెందిన కై క్రాయిట్సర్ 2010లో జావాతో మొదలుపెట్టిన ఓపెన్‌హ్యాబ్ ఉంది. అంతకుముందే, సినిమా పెట్టే, ఇంటి నియంత్రణా రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఇమడ్చాలని చూసిన లినక్స్ ఎంసీఈ ఉంది. ఆలోచన గొప్పదే గానీ, అన్నీ ఒకే మూటలో కట్టడం వల్ల దాన్ని మోయడం కష్టమైంది. ఈ రోజుల్లో అందరూ పోతున్న దారి వేరు. సినిమాకు ఒకటి, ఇంటికి ఒకటి, రెండూ మాట్లాడుకోవడానికి మధ్యలో ఒక వంతెన. నా ఓటు కూడా దీనికే.

కోడి అంటే నవ్వకండి

సినిమాల వైపు ముందు చెప్పుకోవాల్సింది కోడి. పేరు వినగానే మనవాళ్లు నవ్వుతారు, నాటుదా ఫారందా అని అడుగుతారు. ఇది 2002లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టెలో పాటలూ సినిమాలూ ఆడించడానికి కొందరు కుర్రాళ్లు రాసుకున్న ప్లేయర్. తర్వాత ఎక్స్‌బీఎంసీ అయింది. ఎక్స్‌బాక్స్‌తో సంబంధం తెగిపోయాక 2014లో పేరు మార్చి కోడి అన్నారు. టీవీ వెనక ఒక రాస్ప్‌బెర్రీ పై తగిలించి, అందులో లిబ్రెలెక్ వేస్తే చాలు, బోర్డు ఆన్ కాగానే నేరుగా కోడి తెరుచుకుంటుంది. హెచ్‌డీఎంఐ తీగ ద్వారానే టీవీ రిమోట్ బటన్లు కూడా దానికి అందుతాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకో రిమోట్ నేర్పాల్సిన పని లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇంట్లో వాడకంలోకి వస్తుందా రాదా అన్నది చాలాసార్లు దీని మీదే తేలుతుంది.

రెండోది జెల్లీఫిన్. ఎంబీ అనే మీడియా సర్వర్ 2018 చివర్లో తన కోడ్‌ను మూసేసుకుంటే, అప్పటిదాకా తెరిచి ఉన్న కోడ్‌ను తీసుకుని వలంటీర్లు దీన్ని నిలబెట్టారు. కోడి టీవీ ముందు కూర్చుంటుంది, జెల్లీఫిన్ మూలన కూర్చుని ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటికీ వైఫై మీద వీడియో పంచుతుంది. దీనికి ఇంటర్నెట్ డేటా అక్కర్లేదు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయల ప్లాన్‌తో ఊళ్లకు తీగ వచ్చింది. కానీ తీగ ఉన్నంత మాత్రాన వీడియో ఆగకుండా నడుస్తుందనే హామీ ఎక్కడా లేదు. ఇంట్లోనే ఉన్న ఫైలుకు ఆ బెంగ లేదు.

ఒక చిట్కా. సినిమా ఫైలు పేరులో తప్పకుండా సంవత్సరం రాయండి. ఈ సాఫ్ట్‌వేర్లు ఫైలు పేరు చూసి పోస్టరు, నటీనటుల వివరాలు నెట్‌లో వెతికి తెచ్చుకుంటాయి. ‘దేవదాసు’ అని మాత్రమే రాస్తే 1953 నాగేశ్వరరావుదా, 1974 కృష్ణదా, 2006 రామ్‌దా అన్నది దానికెలా తెలుస్తుంది?

ఇక్కడొక హెచ్చరిక కూడా. పైరసీ యాడ్-ఆన్లు నింపిన పెట్టెలను ‘కోడి బాక్స్’ అని అమ్మేవాళ్లున్నారు. కోడి బృందమే వాటితో తమకు సంబంధం లేదని ఎన్నోసార్లు చెప్పింది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పైరసీకి మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. ఊళ్లో సులువుగా పదివేలు వస్తాయని ఎవరైనా చెబితే దండం పెట్టి వచ్చేయండి. మీ సొంత డిస్కులు, పెళ్లి క్యాసెట్లు, తిరునాళ్లలో తీసిన వీడియోలు వీటికే ఎంత పని ఉందో! నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఒక రాత్రంతా మీ ఊళ్లో ఆడితే, దాన్ని రికార్డు చేసి, సన్నివేశాలవారీగా పేర్లు పెట్టి జెల్లీఫిన్‌లో దాచినవాళ్లు చేసేది చిన్న పని కాదు.

పాత ల్యాప్‌టాప్ ఉందా?

కొత్తగా ఏదీ కొనకండి. మూలన పడ్డ ల్యాప్‌టాప్ 64 బిట్‌ది అయితే మొదలుపెట్టొచ్చు. 32 బిట్ యంత్రాలకు మద్దతు ఆపేస్తున్నట్టు హోమ్ అసిస్టెంట్ బృందం 2025లో చెప్పేసింది. ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్, దాని మీద డాకర్, అందులో హోమ్ అసిస్టెంట్ ఒకటి, జెల్లీఫిన్ ఒకటి. ఈ ఒక్క వాక్యంలో ఉన్నదాన్ని సొంతంగా చేసి చూపించగలిగితే, మీ రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అన్న మాటకు అర్థం వచ్చినట్టే. ల్యాప్‌టాప్ బ్యాటరీ కాస్త ప్రాణంతో ఉంటే యూపీఎస్ ఖర్చూ తప్పుతుంది.

రాస్ప్‌బెర్రీ పై కొంటే కరెంటు ఖర్చు తక్కువ. సుమారు 5 వాట్లు అనుకుంటే నెలంతా ఆపకుండా నడిచినా 3.6 యూనిట్లు. యూనిట్ నాలుగున్నర రూపాయల చొప్పున లెక్కేసినా పదహారు, పదిహేడు రూపాయలు. కానీ ఇది మెమరీ కార్డు మీద నడుస్తుంది. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే చోట, రాస్తుండగా పవర్ పోతే కార్డు పాడవుతుంది. విదేశీ వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరూ నొక్కి చెప్పరు, ఎందుకంటే వాళ్లకు ఆ బాధ లేదు. మనకైతే చిన్న ఎస్ఎస్‌డీ, రౌటర్‌కూ బోర్డుకూ కలిపి మినీ యూపీఎస్, వారానికోసారి బ్యాకప్.. ఈ మూడూ మొదటి రోజే ఉండాలి.

పరికరాల వైపు అసలు విప్లవం తెచ్చింది షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ 2014లో విడుదల చేసిన ఈఎస్‌పీ 8266 చిప్. వైఫై ఉన్న ఈ చిప్‌తో తయారైన బోర్డు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో అడిగితే చేతిలో పెడతారు. దీనిలో ఈఎస్‌పీహోమ్ వేస్తే కోడ్ పెద్దగా రాయకుండానే, పది ఇరవై వరుసల సెట్టింగులతో అది మీ ఇంటి సర్వర్‌కు చేరుతుంది.

ట్యాంకు నీటిమట్టం చూడాలంటే నెట్‌లో అందరూ చూపించేది అల్ట్రాసోనిక్ సెన్సర్. మామూలు రకం ట్యాంకులోని తేమకు తుప్పు పట్టిపోతుంది. నీళ్లు తగిలినా తట్టుకునే రకం ఉంది, కానీ అది పాతిక సెంటీమీటర్ల లోపు ఉన్నదాన్ని సరిగా చూడలేదు. అంటే ట్యాంకు పూర్తిగా నిండే ఘడియలోనే గుడ్డిదవుతుంది! పైకి ఎత్తి బిగించాలి. నన్నడిగితే పైన ఒకటి, కింద ఒకటి రెండు ఫ్లోట్ స్విచ్చులు చాలు. గ్రాఫులు రావు గానీ నీళ్లు పొర్లవు.

మోటారు దగ్గర జాగ్రత్త

ఇక్కడ కాస్త ఆగి చదవండి. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నడిచేటప్పుడు ఫేజుకు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. మొదలయ్యే క్షణంలో అంతకు ఐదారు రెట్లు. పది ఆంపియర్లని రాసి ఉన్న చిన్న వైఫై రిలేతో దాన్ని నేరుగా తిప్పాలని చూస్తే రిలే అతుక్కుపోతుంది, ఆ తర్వాత ఫోన్‌లో ఎన్నిసార్లు ఆఫ్ నొక్కినా మోటారు ఆగదు. రిలే పని స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు ఇవ్వడం, తీయడం వరకే. ఆ కాయిల్ కూడా చాలా డబ్బాల్లో 415 వోల్టులది. కాబట్టి డబ్బా మూత తీసే పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌దే. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, బోరు ఎండితే ఆపే డ్రై రన్ రక్షణ, ఇవి సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా వాటంతటవి పనిచేయాలి. మీ సర్వర్ పడిపోయినా మోటారు కాలకూడదు.

సాఫ్ట్‌వేర్ వైపూ ప్రమాదాలున్నాయి. ఈ పరికరాలు మాట్లాడుకునే భాషల్లో ముఖ్యమైనది ఎంక్యూటీటీ. ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ కలిసి 1999లో ఉపగ్రహం మీదుగా చమురు పైపులైన్లను గమనించడానికి దీన్ని తయారుచేశారు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే చోటి కోసమే పుట్టింది కాబట్టి మనకు బాగా సరిపోతుంది. దీనిలో సందేశానికి మూడు స్థాయిల హామీ ఉంటుంది. సున్నా అంటే మామూలు ఉత్తరం, చేరితే చేరినట్టు. ఒకటి అంటే తప్పక చేరుతుంది, కానీ రెండుసార్లు చేరినా చేరొచ్చు. రెండు అంటే కచ్చితంగా ఒక్కసారే. ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న ఇది. జవాబు బట్టీ కొట్టడం కాదు, మోటారుతో ఆలోచించండి. ‘ఉన్న స్థితిని తిప్పెయ్’ అనే ఆజ్ఞను ఒకటో స్థాయిలో పంపి, అది రెండుసార్లు చేరితే ఏమవుతుంది? ఆన్ అయిన మోటారు వెంటనే ఆఫ్ అవుతుంది. అందుకే ‘ఆన్’, ‘ఆఫ్’ అని విడిగా చెప్పాలి.

ఇంకోటి, చివరి ఆజ్ఞను గుర్తుపెట్టుకునే సౌకర్యం. రాత్రి ‘ఆన్’ అని పంపిన సందేశం సర్వర్‌లో నిలిచిపోయి ఉంటే, పొద్దున కరెంటు వచ్చి బోర్డు మేలుకోగానే దాన్ని అందుకుని మోటారును తిప్పేస్తుంది. ఆ సమయానికి మీ నాన్నో, చిన్నాన్నో కేసింగ్ దగ్గర పైపు బిగిస్తూ ఉంటే? మోటారు విషయంలో ఈ సౌకర్యం వాడొద్దు. ఆటో స్టార్టర్లతో ఉన్న ప్రమాదం కూడా ఇలాంటిదే.

ఆటో స్టార్టర్లతో మరో గొడవ ఉంది. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దాని మీద పడే భారం ఎంతో పైన చెప్పిన ఐదారు రెట్ల లెక్కతో మీరే వేసుకోండి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని రైతులను అక్కడి ప్రభుత్వం అడగాల్సి వచ్చింది. మూడు వందల రూపాయల బోర్డులో ఒక్క వరుస అదనంగా రాస్తే, ఒక మోటారు రెండు నిమిషాల తర్వాత, ఇంకోటి ఏడు నిమిషాల తర్వాత మొదలవుతుంది. ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుకుతున్నవాళ్లు, ఇంటర్నెట్‌లో కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు బదులు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులను ఒప్పించి దీన్ని చేసి చూడండి. ఒప్పించడమే కష్టమైన భాగమని ముందే చెబుతున్నా. ఎవరి మోటారు ముందు, ఎవరిది తర్వాత అన్న దగ్గర పంచాయితీ మొదలవుతుంది!

చేనుదాకా ఇంటి వైఫై రాదు. దానికి రెండు దారులు. ఒకటి సిమ్ కార్డు. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ పేరుతో సెల్‌ఫోన్‌తో పంపుసెట్టు ఆన్ చేసే పరికరం చేసి, 2009లో నోకియా పోటీలో బహుమతి కొట్టాడు. ఇప్పుడు మొబైల్ స్టార్టర్లంటూ అలాంటివి చాలా వచ్చాయి. రెండోది లోరా రేడియో. 865-867 మెగాహెర్ట్జ్ మధ్య మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. అడ్డం లేకపోతే కిలోమీటర్ల దూరం పోతుంది, అనంతపురం బయలు నేల దీనికి బాగా కలిసొస్తుంది.

మరి ఉద్యోగం?

సూటిగా చెప్పాలంటే, ‘హోమ్ అసిస్టెంట్ వచ్చు’ అంటే ఉద్యోగమిచ్చే కంపెనీ అరుదు. కానీ దాన్ని నడపడానికి నేర్చుకున్న లినక్స్, డాకర్, నెట్‌వర్కింగ్, ఎంక్యూటీటీ, పైథాన్ ఉన్నాయే, ఐఓటీ, ఎంబెడెడ్, క్లౌడ్ ఆపరేషన్స్ ఉద్యోగాలకు అడిగేది వాటినే. ఏడాదిపాటు ఆగకుండా నడిచిన ఇంటి సర్వర్ గురించి మాట్లాడే అభ్యర్థికీ, సర్టిఫికెట్ చూపించే అభ్యర్థికీ తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఊళ్లోనే ఉండాలనుకుంటే సోలార్ వైపు చూడండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఇంటికి 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తోంది. ప్యానెళ్లు బిగించి వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయి, నిన్నటికంటే ఎందుకు తగ్గింది, దుమ్ము తుడవాలా అని చెప్పేవాళ్లు తక్కువ. హోమ్ అసిస్టెంట్‌లో 2021 నుంచే ఎనర్జీ డ్యాష్‌బోర్డ్ ఉంది, చాలా రకాల ఇన్వర్టర్లతో అది మాట్లాడుతుంది. మొదటి నెలల్లో దీని మీద సంసారం గడవదు. వైరింగ్ పని, సీసీ కెమెరాలు, ఇన్వర్టర్ సర్వీసుతో కలిపితేనే లెక్క కుదురుతుంది.

ఓపెన్ సోర్స్‌లో డబ్బుతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తవాళ్లెవరైనా దరఖాస్తు చేయొచ్చు. కోడి ప్రాజెక్టు కూడా పలు సంవత్సరాలు ఇందులో పాల్గొంది.

కోడ్ అంటే భయమున్నవాళ్లకు మన భాషే ఒక ద్వారం. 2023ను హోమ్ అసిస్టెంట్ ‘గొంతు సంవత్సరం’గా ప్రకటించింది. మాటలతో ఇంటిని నడిపే వాక్యాలను భాషలవారీగా గిట్‌హబ్‌లో పోగేస్తోంది. ఆ జాబితాలో తెలుగూ ఉంది. అక్కడ రాయాల్సింది ప్రోగ్రాం కాదు, జనం ఎలా అంటారో ఆ వాక్యాలు. లైటు వెలిగించు, లైటు ఆన్ చెయ్, లైటు వెయ్యి అని పుస్తకంలోనో సినిమాలోనో వినేవి ఎవరైనా రాస్తారు. మన పక్క ‘లైటు ఏసెయ్’, ‘ఫ్యాను ఆపేయ్‌ప్పా’ అంటారని ఎవరు రాయాలి? మనమే. ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష కూడా జోడించాలి, భాష బాధ్యత చూసేవాళ్లు చదివి సరిదిద్దుతారు. అలా ఒప్పుకున్న మొదటి మార్పు మీ పేరుతో శాశ్వతంగా ఉంటుంది.

ఇందులో తెలుగుకే ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. ఇంగ్లిష్‌లో ‘కిచెన్’ అన్న మాట వాక్యంలో ఎక్కడున్నా కిచెనే. తెలుగులో గది పేరు ‘వంటిల్లు’ అని పెడితే, మాట్లాడేటప్పుడు అది ‘వంటింట్లో’ అవుతుంది. ‘పెరడు’ కాస్తా ‘పెరట్లో’ అవుతుంది. గది పేరుకు చివర ‘లో’ తగిలిస్తే చాలనుకుని రాసిన నియమం ఇక్కడ చిత్తవుతుంది. ప్రస్తుతానికి ఉన్న ఉపాయం ఏమిటంటే, హోమ్ అసిస్టెంట్‌లో ప్రతి గదికీ మారుపేర్లు ఇవ్వొచ్చు. ‘వంటిల్లు’ పక్కన ‘వంటింట్లో’, ‘వంటింటి’ కూడా చేర్చి పెట్టుకోండి. దీన్ని ఇంటింటికీ విడిగా కాకుండా సాఫ్ట్‌వేర్‌లోనే పరిష్కరించాలంటే తెలుగు వ్యాకరణం, పైథాన్ రెండూ తెలిసినవాళ్లు కూర్చోవాలి.

మాటను అక్షరాలుగా మార్చడానికి 2022లో ఓపెన్ఏఐ విడుదల చేసిన విస్పర్‌కు తెలుగు వస్తుంది. అయితే పాత ల్యాప్‌టాప్ మోయగలిగిన చిన్న మోడళ్లు తెలుగులో చాలా తప్పులు చేస్తాయి. కాబట్టి ఇవాళ్టికి మోటారును మాటతో నడపొద్దు. లైటు, ఫ్యాను, పాటలతో మొదలుపెట్టండి. అవ్వ ‘ఏసెయ్’ అన్నప్పుడు అది ఏమని విన్నదో లాగ్‌లో చూసి, తప్పు విన్న మాటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. గిట్‌హబ్‌లో మీరు పెట్టబోయే మొదటి జాబితా అదే.